ఆ మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

చిరంజీవికి,

మీథేన్ దహనం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. లెక్క సరిగ్గానే ఉంది. కానీ మొదటి వాక్యంలోనే 'క్రియాజన్యాల మొత్తంలోంచి క్రియాజనకాల మొత్తం తీసేయాలి' అని సూత్రం పడేశావు. (మొత్తం అంటే, ఒక్కో పదార్థం దాని మూలకాల నుంచి తయారయ్యేటప్పటి వేడి విలువల మొత్తం.) ఎందుకు తీసేయాలో ఎక్కడా లేదు. చదివేవాళ్లకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ఎంథాల్పీ మార్పుకి, అంటే స్థిర పీడనం దగ్గర చర్యలో వెలువడే లేదా పీల్చుకునే వేడికి, దారితో పనిలేదు, మొదలూ చివరా తెలిస్తే చాలు. 1840లో హెస్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పిన నియమం సారం ఇదే. ముందు ఇది చెప్పు. అప్పుడు మీథేన్‌ని కాగితం మీద కార్బన్, హైడ్రోజన్‌గా విడగొట్టి, వాటిని ఆక్సిజన్‌తో కలిపేయొచ్చు. మంటలో నిజంగా అలా జరగదు, జరగక్కర్లేదు కూడా. మూలకాల నుంచి ఒక మోల్ మీథేన్ తయారైతే −74.8 కిలోజౌల్స్ (మైనస్ అంటే వేడి బయటికి వచ్చిందని). విడగొట్టడమంటే అదే పని వెనక్కి నడపడం, కాబట్టి +74.8. నీ సూత్రంలో మైనస్ పుట్టింది ఇక్కడే. దీనికి కార్బన్ డయాక్సైడ్ −393.5, రెండు మోల్‌ల నీటికి −571.6 కలిపితే −890.3 వస్తుంది. ఆక్సిజన్ ప్రమాణ స్థితిలో, అంటే మామూలుగా ఉండే స్థిరమైన రూపంలో, ఉన్న మూలకం కనుక దాని విలువ సున్నా. దానికి ఒక్క వాక్యం చాలు, నువ్వు పేరా రాశావు. (మూలకాలన్నిటికీ సున్నా అని మాత్రం అనకు. రెండూ కార్బనే అయినా, స్థిరమైన రూపమైన గ్రాఫైట్‌కి సున్నా, వజ్రానికి సుమారు 1.9.)

ఆగాల్సింది నీటి దగ్గర. ఊరికే 'నీరు' అని వదిలేశావు. ద్రవమైతే మోల్‌కి −285.8, ఆవిరైతే −241.8. ఆవిరి విలువ తీసుకుంటే నీ జవాబు −802.3 అవుతుంది. ఆ 88 కిలోజౌల్స్ తేడా రెండు మోల్‌ల నీరు ఆవిరవడానికి పట్టే వేడే. పట్టికలోంచి పక్క వరుస అంకె ఎక్కించేసి, జవాబు ఎందుకు కలవలేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది. వాళ్ల కోసమైనా నాలుగు మాటలు ఎక్కువ రాయి.

'కొలిస్తే పోయేదానికి ఈ లెక్కెందుకు?' అని అడుగుతారు. అడగాలి కూడా. కార్బన్ మోనాక్సైడ్ చూపించు. గ్రాఫైట్‌ని కాల్చి మోనాక్సైడ్ ఒక్కటే రాబట్టడం కుదరదు, ఎంతో కొంత డయాక్సైడ్ కూడా వచ్చేస్తుంది. కానీ గ్రాఫైట్ పూర్తిగా కాలితే −393.5, మోనాక్సైడ్ కాలితే −283.0. ఈ రెండూ కొలవగలం. తీసివేస్తే −110.5, నేరుగా కొలవలేని విలువ చేతికొచ్చింది. నేనైతే వ్యాసం ఇక్కణ్ణుంచే మొదలుపెట్టి, మీథేన్‌ని తర్వాత తెస్తాను.

మార్చి పంపు. ఈసారి ప్రతి పదార్థం పక్కనా ఘనమో, ద్రవమో, వాయువో రాయడం మరిచిపోకు. విలువలన్నీ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గరివని కూడా ఎక్కడో ఒకచోట చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు