ఉమ్మెత్త ఆకు కట్టే ముందు

బావూ,

మీ అమ్మ, అదే మా వదిన, మోకాళ్ళకి ఉమ్మెత్త ఆకు కడతానన్నావు. కట్టొచ్చు గానీ ముందు ఇది చదువు.

మా అమ్మ ఆకుకి ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి, మోకాలికి వేసి గుడ్డ చుట్టేది. కాస్త నొప్పి తగ్గేది, కాదనను. కానీ వదినకి షుగరు ఉంది. చర్మం మీద చిన్న గీత ఉన్నా కట్టొద్దు. నీటికాసులు, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, ఉన్న వాళ్ళకి అసలే వద్దు. గంటసేపయ్యాక తీసేసి, మీ చేతులూ ఆవిడ మోకాలూ సబ్బుతో కడగండి. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదైపోయి, చూపు మసకేస్తుంది.

లోపలికి మాత్రం చుక్క కూడా వద్దు. మనవైపు కుక్క కరిస్తే దీని పసరు పోసేవారు. పసరు పిచ్చిని ఆపలేదు బావూ. 15 నిమిషాలు సబ్బునీళ్ళతో గాయం కడిగి, టీకా వేయించాలంతే.

నేను నర్సుగా ఉన్నప్పుడు ఒక రాత్రి, పురుగుమందు ఒంటికెక్కి నోట్లో నురగతో ఒక రైతుని తెచ్చారు. కంటిపాపలు ఆవగింజంత. దానికి విరుగుడు అట్రోపిన్ అనే మందు. 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూళ్ళు, అంటే ఇంజెక్షను మందుండే చిన్న గాజు బుడ్లు, ఒకదాని తర్వాత ఒకటి విరుస్తూ, ఇచ్చిన ప్రతిసారీ రొమ్ములో గురగుర తగ్గిందా అని స్టెతస్కోపు పెట్టి విన్నాం. తెల్లారేసరికి ఒళ్ళు పొడిబారింది, ఊపిరి తేలికైంది. ఆ అట్రోపిన్ ఉమ్మెత్తలోనూ ఉంది. ఆయాసానికి వాడే ఇప్రట్రోపియం ఇన్‌హేలర్ కూడా ఆ అట్రోపిన్ నుంచి చేసిందే. అయితే ఆంప్యూల్ మీద కొలత రాసి ఉంటుంది. ఆకు మీద ఎవరు రాశారు? ఒక మొక్కలో ఉన్నంత విషం పక్క మొక్కలో ఉండదు. అందుకే ఉమ్మెత్త పొగ పీల్చడాలూ కషాయాలూ నాకు నచ్చవు.

ఇంకో మాట. చవితి పత్రికి నాగావళి గట్టుకి వెళ్తే ఆకులే తెంపు, కాయ తేవద్దు. ఆ ముళ్ళకాయ ఎండి పగిలితే గింజలు అచ్చం మిరపగింజల్లా ఉంటాయి. పిల్లలు నోట్లో వేసుకుంటే నోరు ఎండిపోతుంది, ఒళ్ళు ఎర్రగా కాలిపోతుంది, లేనివి ఉన్నట్టు గాల్లో పట్టుకుంటారు. ఉప్పునీళ్ళు పోసి కక్కించకు. 108కి ఫోన్ చెయ్, కాయ ముక్క వెంట తీసుకెళ్ళు, డాక్టరు చూస్తారు.

వదిన మోకాలు, కోసిన ఆకు, రెండింటి ఫోటోలూ పంపు. నేను చూశాకే కట్టు.

మీ అత్త