ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు

కడప

అమ్మీ, పెదనాయన ఆశీస్సులు.

కంప్యూటర్‌ను అంగడికి పంపొద్దు, ఒక రెండు రోజులు ఆగు. పాత ప్రింటర్ కోసం ఇంటర్నెట్‌లో దొరికిన డ్రైవర్, అంటే ప్రింటర్‌ను కంప్యూటర్‌తో కలిపి నడిపే ప్రోగ్రామ్, ఎక్కించినాక నీలం తెర పడి, దానంతటదే రీస్టార్ట్ అవుతోందని చెప్పినావు. రిపేరాయన చూసి ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నాడంటివి. ఫార్మాట్ చేస్తే, అంటే డిస్క్ అంతా చెరిపేస్తే, మిషన్ లేస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ మీ నాయన బుడ్డల వ్యాపారం లెక్కలన్నీ అందులో టాలీ అనే లెక్కల ప్రోగ్రామ్‌లో ఉన్నాయి. మీ జేజి ఫోటోలు ఆ హార్డ్ డిస్క్‌లో తప్ప ఇంక యాడా లేవు. అన్ని దారులూ మూసుకుపోయినాక చేయాల్సిన పనిని మొదటే ఎందుకు చేయాల? నీ విషయంలో చెడింది ఒక్క డ్రైవర్. విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ రిస్టోర్‌తో, దాన్ని ఎక్కించక ముందున్న స్థితికి మిషన్‌ను తీసుకుపోతే చాలు. అది నువ్వే ఇంట్లో కూర్చొని చేసుకోగలవు.

నేను డీటీపీ సెంటర్ నడిపే రోజుల్లో పనంతా విండోస్ 98 మీదే. డ్రైవర్ ఒకటి తేడా కొట్టిందంటే అంతా చెరిపి, విండోస్ మళ్లీ ఎక్కించి, తెలుగు ఫాంట్లు, స్కానర్, ప్రింటర్ అన్నీ మొదటి నుంచి కూర్చుకోవాల. పెళ్లిపత్రికల పని చేతినిండా ఉన్న కాలంలో అట్ల జరిగితే ఎంత నలిగిపోయేవాళ్లమో చెప్పలేను. 2000లో విండోస్ ఎంఈతో సిస్టమ్ రిస్టోర్ వచ్చింది, మరుసటేడు వచ్చిన ఎక్స్‌పీలోనూ ఉంది, ఇప్పటి విండోస్ 11లోనూ ఉంది. కొత్త డ్రైవరో, అప్‌డేటో ఎక్కే ముందు సిస్టమ్ ఫైళ్లు, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు), డ్రైవర్లు ఎట్ల ఉన్నాయో అది ఒక గుర్తు పెట్టుకుంటుంది. దాన్నే రిస్టోర్ పాయింట్ అంటారు. తర్వాత ఏదన్నా చెడితే ఆ గుర్తు దగ్గరికి వెనక్కి పోవచ్చు. నీ ఫోటోలు, వర్డ్ ఫైళ్ల జోలికి అది పోదు. అట్లనే, పొరపాటున చెరిపేసిన ఫోటోను తెచ్చి కూడా ఇవ్వదు. ఈ రెండూ బాగా గుర్తుంచుకో.

జోలికి పోదు కదా అని నేరుగా మొదలుపెట్టొద్దు. ముందు ఫైళ్లు బయటికి రావాల. నీలం తెరకు కారణం డ్రైవరేనని నాకు గట్టి నమ్మకం, కానీ డిస్కే పాడవుతూ ఉండే అవకాశం కూడా ఉంది. డిస్క్ లోపలి నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తున్నా, ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతున్నా రిస్టోర్ మాట ఎత్తకుండా ఆపేసి నాకు ఫోన్ చెయ్. అట్లాంటి డిస్క్‌తో ఎంత పని చేయిస్తే అంత తొందరగా పోతుంది.

ప్రింటర్ కేబుల్ పీకెయ్. కీబోర్డు, మౌసు తప్ప ఇంకేమీ తగిలించి ఉండకూడదు. లాగిన్ తెర వరకు వస్తోందంటే, అక్కడ మూల పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ కీ పట్టుకొనే రీస్టార్ట్ నొక్కు. అంతవరకు కూడా రాకపోతే, వరసగా రెండు మూడు సార్లు బూట్ కాకుండా ఆగినాక విండోస్ తనంతట తానే రికవరీ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి పోయి రీస్టార్ట్ చేసి, జాబితా వచ్చినప్పుడు 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది, అంటే తప్పనిసరి వాటితో మాత్రమే విండోస్ లేస్తుంది. తెర కళ తప్పినట్టు, అక్షరాలు లావుగా కనపడతాయి, భయపడొద్దు. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి టాలీ డేటా ఫోల్డర్, ఫోటోలు, డెస్క్‌టాప్ మీదివి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ కాపీ చెయ్. టాలీ డేటా యాడుందో మీ నాయనను అడుగు. చానామంది ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే డేటాను కూడా ఉంచేసుకుంటారు. కాపీ అయినాక పెన్‌డ్రైవ్‌లోంచే ఒకటి రెండు ఫోటోలు తెరిచి చూసి, అప్పుడు తీసి పక్కన పెట్టు.

మధ్యలో బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) అని నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడిగితే కంగారు పడొద్దు. విండోస్ ఏర్పాటు చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే ఆ కీ మామూలుగా అందులోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిస్తే దొరుకుతుంది. నా మాట విని ఆ కీ ఈ రోజే చూసి కాగితం మీద రాసి పెట్టు. విండోస్ పాస్‌వర్డ్ ఈ మధ్య మార్చి ఉంటే పాతది కూడా రాసుకో, వెనక్కి పోయినాక అదే అడగొచ్చు.

ఇంగ అసలు పని. దీన్ని పొద్దున్నే పెట్టుకో. అనంతపురంలో ఎండాకాలం మధ్యాహ్నం దాటి గాలి లేచిందంటే కరెంటు నిలుస్తుందో లేదో తెలియదు. మీ యూపీఎస్ బ్యాటరీ ఐదు నిమిషాలు కూడా నిలవదని మీ నాయన అంటుంటాడు, పక్కింట్లో మంచిది ఉంటే అడిగి తెచ్చుకో. రిస్టోర్ సగంలో ఉండగా కరెంటు పోతే విండోస్ అసలే లేవకుండా పోవచ్చు. అందుకే దీని గురించి ఇంత చెప్తాండా.

మళ్లీ అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు పోయి ఈసారి సిస్టమ్ రిస్టోర్ ఎంచుకో. తేదీల జాబితా వస్తుంది. డ్రైవర్ ఎక్కించిన రోజుకు సరిగ్గా ముందున్న పాయింట్ చాలు. ఎంత పాతదైతే అంత మంచిదనుకుంటారు జనాలు, అది తప్పు. వెనక్కి పోయేకొద్దీ మధ్యలో ఎక్కించుకున్న మంచి ప్రోగ్రాములు, అప్‌డేట్లు కూడా పోతాయి. జాబితా కింద స్కాన్ ఫర్ అఫెక్టెడ్ ప్రోగ్రామ్స్ అనే బటన్ ఉంటుంది, దాన్ని తప్పకుండా నొక్కు. ఏవి పోతాయి, ఏవి తిరిగొస్తాయి అని పేర్లతో సహా చూపిస్తుంది. టాలీ పేరు అందులో కనపడితే మీ నాయనకు ముందే చెప్పు, తర్వాత మళ్లీ ఎక్కించుకోవాల్సి ఉంటుంది. ఫినిష్ నొక్కినాక ఇంగ ముట్టుకోవద్దు. పాత డిస్క్ అయితే గంట దాటినా ఆశ్చర్యం లేదు. తెర కదలడం లేదని పవర్ బటన్ నొక్కేవాళ్ల వల్లే సగం మిషన్లు పాడవుతాయి.

రిస్టోర్ కాలేదని వస్తే ఇంకో తేదీతో ప్రయత్నించు. రికవరీ నుంచి చేసినదాన్ని అన్‌డూ చేయడానికి ఉండదు గానీ, వేరే పాయింట్‌కు పోవడానికి అడ్డం లేదు. అసలు పాయింట్లే లేవని వచ్చినా అంతా అయిపోయినట్టు కాదు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనే స్టార్టప్ రిపేర్ ఉంది, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంది. అవి కూడా పనిచేయకపోతే రీసెట్ దిస్ పీసీలో కీప్ మై ఫైల్స్ ఎంచుకోవచ్చు. ఫైళ్లు ఉంటాయి, మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. ఇదైనా నాతో మాట్లాడినాకే చెయ్. వైరస్ ఉందని అనుమానమొస్తే మాత్రం రిస్టోర్‌ను నమ్ముకోవద్దు, అది వైరస్‌కు మందు కాదు.

మిషన్ మామూలుగా లేచిందనుకో, ఆ ప్రింటర్ డ్రైవర్‌ను మళ్లీ ముట్టుకోకు. తయారీదారు సైట్‌లో మీ విండోస్‌కు సరిపడేది ఉంటేనే దించుకో, లేకపోతే ఆ ప్రింటర్ పనైపోయిందనుకో. ఆ వెంటనే స్టార్ట్‌లో క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్ అని వెతికి, సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సి డ్రైవ్‌కు ఆన్ అని ఉందో లేదో చూడు. చానా కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది, అవసరం పడినప్పుడు గానీ ఎవరికీ తెలియదు. కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేసి, డిస్క్‌లో నూటికి ఐదు నుంచి పది వంతులు దానికి ఇయ్యి. క్రియేట్ నొక్కి, ప్రింటర్ పీకినాక అని పేరు పెట్టి ఒక పాయింట్ చేసుకో. పాత పాయింట్లు వాటంతట అవే చెరిగిపోతుంటాయి, కాబట్టి ఏదన్నా కొత్తది ఎక్కించే ప్రతిసారీ ముందు ఒకటి చెయ్. ఫోటోలకు ఇది రక్షణ కాదు, వాటికి వేరే ఒక డిస్క్ కొనాల్సిందే. మీ నాయనతో ఆ మాట నేను అంటాలే.

తేదీల జాబితా తెర మీదికి రాగానే ఫోన్‌తో ఫోటో తీసి నాకు పంపు, ఏది ఎంచుకోవాలో ఇద్దరం చూసి నొక్కుదాం. సేఫ్ మోడ్ కూడా రాకపోతే ఏమీ చేయకుండా స్విచ్ ఆపి ఉంచు. ఆదివారం తాడిపత్రి మీద వచ్చే బస్సుకు బయలుదేరి వస్తా. డిస్క్ ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలించే కేబుల్ నా దగ్గర ఉంది.

మీ పెదనాయన