పడిన వేళ రాసిపెట్టుకో

చి. సౌమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ నిన్న రాత్రే చూశాను. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

పందొమ్మిదేళ్ళ కుర్రాడు. పెళ్ళి భోజనాల దగ్గర నిలబడి ఉండగా పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. మీ క్యాజువాలిటీకి చేరేసరికి మూడు గంటలైంది. రక్తంలో లాక్టేట్ (కండరాలు మితిమీరి పనిచేస్తే పెరిగే పదార్థం) 1.6 వచ్చింది. మామూలుగానే ఉంది కదా అని ‘ఫిట్స్ కాదు, కళ్ళు తిరిగి పడ్డాడు’ అని రాసి ఇంటికి పంపావు. సరిగ్గానే చేశానా అని అడిగావు. నువ్వు రాసిన మాట నిజమే కావచ్చు. కానీ ఆ 1.6ను చూసి మాత్రం ఆ మాట రాయకూడదు.

ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్‌లో కండరాలన్నీ ఒక్కసారిగా పనిచేస్తాయి. అందే ఆక్సిజన్ చాలక లాక్టేట్ బోలెడంత తయారవుతుంది. 1977లో ఎనిమిది మందికి ఫిట్స్ ఆగిన దగ్గర్నుంచి వరుసగా కొలిచి చూశారు. మొదట సగటున 12.7 ఉంది, గంట తిరిగేసరికి 6.6కి వచ్చింది. మందేమీ లేకుండానే రక్తం పీహెచ్ (ఆమ్లం పెరిగితే తగ్గే కొలత) కూడా 7.14 నుంచి 7.38కి లేచింది. గంటలో ఇంచుమించు సగం. అదే జోరున దిగుతూ పోతుందనుకో, రెండో గంటకు 3.3, మూడో గంటకు 1.6. నీ రిపోర్టులో ఉన్న అంకె అదే కదూ! అంటే ఆ కుర్రాడికి పెద్ద ఫిట్స్ వచ్చి ఉన్నా 1.6 రావచ్చు, ఉత్తినే సొమ్మసిల్లినా 1.6 రావచ్చు.

పడిన గంటలోపు, మహా అయితే రెండు గంటల్లోపు తీసిన రక్తమైతేనే లాక్టేట్ మాటకు విలువ. అప్పుడు రెండున్నర దాటితే ఫిట్స్ వైపు మొగ్గొచ్చు. ఆరూ ఎనిమిదీ ఉంటే ఇంకా గట్టిగా. అయినా ఒక్క అంకెతో ఆగిపోకు. జ్వరంతో సెప్సిస్‌లో, అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా ముదిరి ఉన్నవాళ్ళకూ, బీపీ పడిపోయినవాళ్ళకూ, బాగా తాగినవాళ్ళకూ, కిడ్నీలు దెబ్బతిని షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళకూ, ఆయాసానికి సాల్బుటమాల్ పెట్టించుకుని వచ్చినవాళ్ళకూ అది పెరుగుతుంది. అనుమానం ఉంటే గంటన్నర ఆగి మళ్ళీ తియ్యి. ఫిట్స్ వల్ల పెరిగింది దానంతటదే దిగుతుంది. దిగకుండా మొండికేసిందంటే ఇంకేదో ఉందని వెతుక్కో.

రక్తం తీసే పద్ధతి కూడా చూసుకో. చేతికి టూర్నికే పట్టీ బిగించి ‘పిడికిలి మూసి తెరు, మూసి తెరు’ అంటారు మన సిస్టర్లు. దానికే కొంచెం పెరుగుతుంది. సిరలోంచి తీస్తే చాలు, ధమనే అక్కర్లేదు. బ్లడ్ గ్యాస్ మెషిన్ ఉంటే నిమిషాల్లో పెట్టించు. లేకపోతే బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబులో, ఐస్ మీద, వెంటనే ల్యాబుకి. మామూలు ట్యూబులో ట్రేలో పడి ఉంటే ఎర్రకణాలు గ్లూకోజు తింటూ లాక్టేట్ తయారు చేస్తూనే ఉంటాయి.

కేస్ షీటులో రెండు టైములు రాయడం అలవాటు చేసుకో: పడినది, రక్తం తీసినది. ‘ఇందాకే పడ్డాడండీ’ అంటారు, ఆ ఇందాక పావుగంటా కావచ్చు, మధ్యాహ్నమూ కావచ్చు. 108లో వస్తే కాల్ వచ్చిన టైము వాళ్ళ కాగితంలో ఉంటుంది. ఆటోలో వస్తే వెంట వచ్చినవాళ్ళ ఫోన్‌లో కాల్స్ చూపించమను. మనిషి పడగానే ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఫోన్ చేసే ఉంటారు.

ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్, ఫిట్స్ తర్వాత కాసేపు పెరుగుతుంది) పరీక్ష చేయిద్దామా అని కూడా అడిగావు. నేనది రాయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఫిట్స్‌నీ, మానసిక కారణాలతో ఫిట్స్‌లా వచ్చేవాటినీ వేరు చేయడానికి అది పనికొస్తుంది, అదీ పడిన పది ఇరవై నిమిషాల్లో రక్తం తీస్తేనే. సొమ్మసిల్లినవాళ్ళకు కూడా పెరగొచ్చు కాబట్టి నీ ప్రశ్నకు అది జవాబివ్వదని అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2005లోనే చెప్పింది. పైగా మనవాళ్ళలో గ్యాస్ మాత్ర వేసుకోనిదెవరు? ఆ మాత్రల్లో చాలావాటిలో డోంపెరిడోన్ ఉంటుంది, దానితోనే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. పాలిచ్చే తల్లుల సంగతి సరేసరి.

సీకే, అంటే కండరాలు నలిగితే రక్తంలోకి వచ్చే ఎంజైము, వేరే రకం. అది నిదానంగా కొన్ని గంటల తర్వాత లేస్తుంది, మర్నాడూ ఆ పై రోజుల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఇది ఆసరా. కానీ దారిలో ఎవరైనా తుంటికి ఇంజెక్షన్ పొడిచారా, పడి దెబ్బలు తగిలాయా, చాలాసేపు నేల మీదే ఉన్నాడా అని అడక్కుండా నమ్మకు.

ఇక అసలు సంగతి. మన భాషే మనల్ని తికమక పెడుతుంది. ‘మూర్ఛపోయాడు’ అంటే సొమ్మసిల్లాడని, ‘మూర్ఛ వచ్చింది’ అంటే ఫిట్స్ అని. రెండూ ఒకే ఊపిరిలో అంటారు. కాస్త కొట్టుకుంటే చాలు, చేతిలో తాళంచెవులు పెట్టేసి ‘ఫిట్స్’ అని తీసుకొస్తారు. 1994లో జర్మనీలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను కావాలనే సొమ్మసిల్లేలా చేసి వీడియో తీస్తే, పూర్తిగా స్పృహ తప్పినవాళ్ళలో నూటికి తొంభై మందికి చేతులో కాళ్ళో అదిరాయి. కాబట్టి కొట్టుకున్నాడా అని కాదు, ఎన్నిసార్లు, ఎంతసేపు అని అడుగు. సొమ్మసిల్లినప్పుడు నాలుగైదు అదురులు, అవీ లయ లేకుండా, కొద్ది సెకన్లలో ఆగిపోతాయి. ఫిట్స్‌లో నిమిషం, రెండు నిమిషాలు. లేచాక మనుషుల్ని వెంటనే గుర్తుపట్టాడా, పావుగంట అయోమయంగా ఉన్నాడా? నాలుక పక్కన కొరుక్కున్నాడా? టార్చ్ వేసి నువ్వే చూడు. బట్టల్లో మూత్రం పోవడం రెండింటిలోనూ ఉంటుంది, దాన్ని పట్టుకుని వేలాడకు. పడే ముందు చెమటలు పట్టి, కళ్ళకు చీకట్లు కమ్మాయంటే సొమ్మసిల్లడం వైపు. ఈ రోజుల్లో ఎవరో ఒకరు వీడియో తీసే ఉంటారు, మొహమాటపడకుండా అడుగు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. అరవై దాటిన ఆయన్ని ఫిట్స్ అని తీసుకొచ్చారు. నా కళ్ళ ముందే మళ్ళీ కొట్టుకున్నాడు. ఇంకేం ఆలోచించలేదు, ఫిట్స్ ఆపే ఫెనిటోయిన్ డ్రిప్ కలపమన్నాను. ‘మేడమ్, పల్స్ ముప్పై రెండే ఉంది’ అంది సిస్టర్. ఈసీజీ తీస్తే పూర్తి హార్ట్ బ్లాక్. గుండె ఆగి ఆగి కొట్టుకుంటుంటే మెదడుకు రక్తం అందక వచ్చిన అదురు అది. అలాంటి గుండెకు ఫెనిటోయిన్ ఎక్కిస్తే పూర్తిగా ఆగిపోయేదేమో, నీకు తెలుసు. ఆయన పేస్‌మేకర్ వేయించుకుని బతికాడు, నా ఘనత ఏమీ లేదు. అప్పట్లో మా దగ్గర లాక్టేట్ లేదు. ఉన్నా గుండె అంతంతసేపు ఆగుతుంటే అది కూడా పెరిగి ఉండేది, నా తప్పును నాకు ఇంకా గట్టిగా నమ్మించేది. అందుకే చెబుతున్నా, పడిపోయి వచ్చిన ప్రతివాళ్ళకూ ముందు వేలు పొడిచి షుగర్, వెంటనే ఈసీజీ. ఆ తర్వాతే లాక్టేట్. బీపీకి నీళ్ళ మాత్రలు వాడే పెద్దవాళ్ళకు సోడియం, పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్, పెళ్ళీడు నుంచి నలభై అయిదు దాకా ఆడవాళ్ళకు యూరిన్‌లో గర్భం పరీక్ష తప్పకుండా.

ఇప్పుడు మీ కుర్రాడి పని చూడు. ఈసీజీ తీసినట్టు నువ్వు రాయలేదు. రేపు పొద్దున్నే ఫోన్ చేసి పిలిపించు. ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి పొడుగ్గా ఉందా, బ్రుగాడా లాంటి మార్పులున్నాయా చూడు, రెండూ గుండె లయ హఠాత్తుగా తప్పించే పుట్టు జబ్బులకు గుర్తులు. వాళ్ళింట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు, ఈత వచ్చి కూడా నీళ్ళలో పోయినవాళ్ళు ఉన్నారేమో అడుగు. సీకే పంపు, ఇంకా ఆలస్యం కాలేదు. భుజం నొప్పి అంటే ఎక్స్‌రే కూడా, ఫిట్స్‌లో భుజం వెనక్కి తప్పుకోవడం ఉంది. తేలేదాకా బైకు, బావిలో ఈతా వద్దని చెప్పు. వస్తూ వస్తూ పెళ్ళిలో పక్కన నిలబడి చూసినవాళ్ళను వెంటబెట్టుకు రమ్మను. నువ్వు వాళ్ళ నాన్నతో మాట్లాడానని రాశావు, ఆయన ఆ టైములో వంటల దగ్గర ఉన్నాడట కదా.

మీ పెద్దమ్మ