మలుపు తిరిగితే ఆయిల్ లైటు వెలుగుతోంది, నడపవచ్చా?

ప్రశ్న: మా కారు మలుపు తిరిగేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మ ఎర్రగా ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోంది. తిన్నగా పోతుంటే రావడం లేదు. ఆయిల్ కాస్త తగ్గిందనేగా, సర్వీసు దాకా ఆగవచ్చా? అసలు ఆయిల్ లోపల ఏం చేస్తుంది?

జవాబు: సర్వీసు దాకా ఆగకండి. ఆయిల్ చూసుకునేదాకా బండి తీయకండి. ఆ లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ప్రెషర్ పడిపోయిందని. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇంజన్ అడుగున తొట్టిలాంటి చాంబర్‌లో ఆయిల్ ఉంటుంది. చివర జాలీ ఉన్న గొట్టం ఒకటి అందులోకి దిగి ఉంటుంది, పంపు దాంతో ఆయిల్ పీల్చి ఫిల్టర్ గుండా క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్‌లు తిప్పే ఇరుసు) బేరింగ్‌లకు (ఆ ఇరుసును పట్టి ఉంచే లోహపు చుట్లకు), పైన క్యామ్‌షాఫ్ట్‌కు (వాల్వులు తెరిచే ఇరుసుకు) తోస్తుంది. ఆయిల్ తక్కువైనప్పుడు బండి మలుపు తిరిగితే, పళ్లెంలో నీళ్లు ఒరిగినట్టు ఉన్న కాస్తా ఒక పక్కకు పోయి గొట్టం మూతి తేలిపోతుంది, పంపు గాలి పీలుస్తుంది. మీ లైటు వెలిగేది బహుశా ఆ క్షణంలోనే.

క్షణమే కదా అనుకోవద్దు. 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) దగ్గర క్రాంక్‌షాఫ్ట్ సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య ఖాళీ తలవెంట్రుక మందం కూడా ఉండదు, ఆ సందులో ఉన్న ఆయిల్‌ను తిరిగే షాఫ్టే తన కిందికి లాక్కుని, ఆ పొర మీద తేలుతూ ఇనుముకు ఇనుము తగలకుండా తిరుగుతుంది. ఇంజన్ మొత్తంలో నాకు బాగా నచ్చే విషయం ఇదే. బరువు మోసేది పంపు ప్రెషర్ కాదు, ఈ పొర. పక్కల నుంచి కారిపోయే ఆయిల్‌కు బదులు కొత్తది అందించడమే పంపు పని. అది అందకపోతే పొర తెగుతుంది, బేరింగ్ మెత్తని లోహం అరిగి, వేడికి కరిగి, చివరికి ఇంజన్ పట్టేస్తుంది. పిస్టన్‌లకు మాత్రం కింద నుంచి చిందే ఆయిలే చాలావరకు సరిపోతుంది.

ఇప్పుడు బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడండి. కింది గీత దగ్గరుంటే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే కొంచెం కొంచెంగా పోయండి. పై గీత దాటనివ్వకండి, ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ చిలికి నురగ చేస్తుంది, నురగతో పొర నిలవదు. లెవెల్ సరిగ్గానే ఉన్నా లైటు వెలుగుతుంటే జాలీ పూడుకుపోయిందో, పంపు బలహీనపడిందో, బేరింగ్‌లు అరిగాయో, లేదా సెన్సరే పాడైందో. వర్క్‌షాప్‌లో గేజ్ పెట్టి ప్రెషర్ కొలిపించాలి. అక్కడికి కూడా నడుపుకుంటూ వెళ్లకండి, టో చేయించండి.

లెవెల్ తగ్గిందంటే ఆయిల్ ఎటు పోతోందో కూడా చూడండి. రాత్రి ఇంజన్ కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున నల్లటి చుక్కలు కనిపిస్తే లీకు, సైలెన్సర్ నుంచి నీలంపొగ వస్తుంటే లోపల కాలిపోతున్నట్టు.