తుపాకీ గోడకు ఆనించకు

చిరంజీవి బుజ్జికి బాబాయి ఆశీస్సులు.

హవల్దారుగా రిటైరయ్యావు, ఇద్దరు పిల్లల తండ్రివి, ఇంకా బుజ్జి ఏంటి అనుకోకు. నాకు అదే నోటికొస్తుంది.

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఒకటో తారీఖున బ్యాంకులో గార్డుగా చేరుతున్నావట. "మావాడూ నీలాగే తుపాకీ పట్టుకుని బ్యాంకు గుమ్మంలో నిలబడతాడయ్యా" అని సంబరపడిపోయింది. నేనూ సంబరపడ్డాను. మిఠాయి తెప్పిస్తే నాకు షుగరని మీ పిన్ని ఒక్కతే తింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మూడింటికి లేచి వరండాలో కూర్చున్నాను. నువ్వు సరిహద్దులో ఉన్న పదిహేడేళ్ళూ నాకు ఇంత టెన్షన్ లేదురా. అక్కడ నీ చుట్టూ నీలాంటివాళ్ళే ఉన్నారు. ఇక్కడ హాలు నిండా పెన్షన్ కోసం వచ్చిన ముసలాళ్ళు, చంటిపిల్లల తల్లులు, వాళ్ళ మధ్యలో నువ్వొక్కడివి, భుజాన నిండు తుపాకీ. ఫోన్లో చెబితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి పటాలానికి మనుషుల్ని పంపుతున్న ఊరు మనది. మిలిటరీ మాధవరంలో పుట్టినవాడికి తుపాకీ గురించి ఒకరు చెప్పాలా అని నీకు అనిపిస్తుంది. 1996లో నేను బ్యాంకులో చేరినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

యూనిఫాం, బూట్లు, టైముకు వెళ్ళడం లాంటివి నీకు చెప్పక్కర్లేదు. మేజోళ్ళు మాత్రం కాళ్ళను గట్టిగా పట్టి ఉంచేవి కొనుక్కో. నిలబడీ నిలబడీ పిక్కల్లో నరాలు ఉబ్బడం నాకు ఐదో ఏటే మొదలైంది. కుర్చీ ఇస్తే కూర్చో, ఇవ్వకపోతే అడుగు. నేను సిగ్గుపడి అడగలేదు.

నీకిచ్చేది పటాలంలో పట్టిన ఇన్సాస్ రైఫిల్ కాదు. 12 బోర్ డబుల్ బ్యారెల్, గొట్టాలు వంచి తూటాలు పెట్టి మూసేది. రెండే రెండు తూటాలు. చూడగానే నీకు నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. రైఫిల్ నుంచి వచ్చే గుండు ఒక్కటే, గురి పెట్టిన చోటికి పోతుంది. దీని తూటాలోంచి సీసపు గుళ్ళు వస్తాయి, దూరం పోయేకొద్దీ విచ్చుకుంటాయి. క్యాష్ కౌంటర్ దగ్గరున్న దొంగను కొడితే పక్కన ఓచరు రాసుకుంటున్నవాడికి ఒక్కటి కూడా తగలదని నీకు హామీ ఎవడిస్తాడు? తూటాలు ఎప్పటివో చూసుకో. మన డెల్టా చెమ్మకు పాతవి ఉబ్బుతాయి, ఉబ్బినవి గొట్టంలో ఇరుక్కుంటాయి. ఏటా ఫైరింగ్ ప్రాక్టీసు పెట్టించకపోతే వదలకుండా అడుగుతూ ఉండు.

ఇప్పుడు చెప్పబోయేది మీ పిన్నికి కూడా తెలియదు.

2004, వానాకాలం, నెల మొదటి వారం. డెల్టాలో ఓ చిన్న బ్రాంచి. గుమ్మం పక్కన తడి గొడుగులు కుప్పగా పడున్నాయి. హాల్లో కాలు పెట్టే చోటు లేదు. నెలనెలా వచ్చే మామ్మ ఒకావిడ ఉండేది, నన్ను "పోలీసు బాబూ" అని పిలిచేది. ఫారం రాసిపెట్టమని ఎప్పుడూ నన్నే అడిగేది. నాకూ అది ఇష్టంగా ఉండేది, అబద్ధమెందుకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బొమ్మలా నిలబడేవాడికి ఎవరైనా ఒక పని చెబితే ప్రాణం లేచొస్తుంది. వంగి రాస్తుంటే తుపాకీ పట్టీ భుజం మీంచి జారుతోంది. ఒక్క నిమిషమే కదా అని తుపాకీని మంచినీళ్ళ కుండ పక్కన మూలకు ఆనించాను. లోడు చేసే ఉంది. మా బ్రాంచిలో పగలు అలాగే ఉంచాలని రూలు.

ఫారం నింపి వేలిముద్ర వేయించబోతే మామ్మ "పన్నెండొందలొద్దు బాబూ, వెయ్యి చాలు" అంది. అది చింపేసి ఇంకోటి రాశాను. తరవాత పాసుబుక్ నంబరు సరిగ్గా కనబడలేదు. నిమిషం కాస్తా నాలుగైంది.

ఇంతలో నోట్లు లెక్కపెట్టే మిషను చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే క్యాషియరు నా వైపు కాదు, నా వెనక్కి చూస్తున్నాడు. తిరిగాను. ఆరేడేళ్ళ పిల్లాడు, తాతతో వచ్చినట్టున్నాడు, నిక్కరు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చెరుకుగడను పట్టినట్టు రెండు చేతులతో గొట్టాన్ని పట్టుకుని తన మొహం మీదకు వంచుకున్నాడు. ఒక కన్ను మూసి, రెండో కన్ను దాని మూతికి ఆనించి, నూతిలోకి తొంగి చూసినట్టు లోపలికి చూస్తున్నాడు.

నాకూ వాడికీ మధ్య ఎనిమిది అడుగులు. సేఫ్టీ వేసే ఉంది, కానీ ఆ పాత తుపాకీ సేఫ్టీని నమ్మి నేను చిటికెన వేలు కూడా పెట్టను. అరిస్తే ఉలిక్కిపడి ఒక్క గుంజు గుంజుతాడు. పరిగెత్తినా అంతే. పటాలంలో ఇన్నేళ్ళు నేర్చుకున్నదాంట్లో ఈ పాఠం లేదురా. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

బురద తుడుస్తున్న స్వీపరమ్మ కుండ దగ్గరే గొంతుక్కూర్చుని ఉంది. గొంతు పెంచకుండా, ఇంట్లో పిల్లాడితో మాట్లాడినట్టు, "నాన్నా, ఆ గ్లాసు అందుకో, దాహమేస్తోంది" అంది. వాడు బుద్ధిగా ఒక చెయ్యి వదిలి గ్లాసు కోసం తిరిగాడు. తుపాకీ ఒరిగిపోతోంది. తడిగుడ్డ ఉన్న చేత్తోనే ఆవిడ గొట్టం పట్టుకుని మూతి పైకి తిప్పేసింది. అంతే. హాల్లో సగం మందికి ఏం జరిగిందో తెలియదు. వాళ్ళ తాత తలైనా తిప్పలేదు. నేను తుపాకీ తీసుకుని గొట్టాలు వంచి తెరిచాను. రెండు ఇత్తడి అంచులు మెరుస్తున్నాయి. వేళ్ళు వణికిపోతుంటే వాటిని బయటికి లాగలేకపోయాను. వెనక నుంచి మామ్మ "బాబూ, నా ఫారం?" అంటోంది.

క్యాషియరు "పోనీలెండి గార్డుగారూ, ఏం కాలేదుగా" అన్నాడు. మేనేజరు గదిలో ఉన్నాడు, ఆయనకు తెలియదు. ఆ సాయంత్రం డ్యూటీ రిజిస్టరులో "విశేషమేమీ లేదు" అని రాసి సంతకం పెట్టాను. బుజ్జీ, నా తప్పు తుపాకీని గోడకు ఆనించడంతో ఆగలేదు, ఈ సంతకంతో రెండింతలైంది. నిజం రాసి ఉంటే నాకు మెమో వచ్చేది. కానీ ఫారాలు రాయడానికి వేరే మనిషిని పెట్టేవాళ్ళేమో, తుపాకీకి తాళం ఉన్న చోటు చూసేవాళ్ళేమో. రెండేళ్ళ తరవాత నా బదులు డ్యూటీకి వచ్చిన గార్డు సరిగ్గా ఆ మూలకే ఆనించడం చూశాను. బూతులు తిట్టాను. ఎందుకు తిట్టానో మాత్రం వాడికి చెప్పలేకపోయాను.

ఆ రోజు తరవాత డ్యూటీలో తుపాకీ నా ఒంటి మీంచి దిగలేదు. టీ తాగినా, అన్నం తిన్నా అంతే. పక్కకు వెళ్ళాల్సి వస్తే తూటాలు తీసి, లెక్క చూసి, తాళం వేయించే వెళ్ళేవాడిని. "గార్డుకి పొగరెక్కింది" అన్నారు. మర్నెల మామ్మ ఫారం పట్టుకుని వచ్చి నిలబడితే "కౌంటర్లో అడుగు మామ్మా" అన్నాను. తనేదో తప్పు చేసిందనుకుంది పాపం, మొహం చిన్నబోయింది. కొన్ని నెలలకు రావడం మానేసింది. నువ్వు ఫారాలు రాసిపెట్టు అని చెప్పాలనే ఉంది. చెప్పలేను. రాయకు. పెన్ను మాత్రం ఇవ్వు, ఎవరిని అడగాలో చూపించు.

2016 నవంబరు 8న నోట్ల రద్దు ప్రకటించాక ఆ యాభై రోజులూ మా గేటు దగ్గర జనం ఎలా ఉన్నారో నువ్వు కాశ్మీరులో ఉండి టీవీలో చూసుంటావు. గేటుకు కట్టిన గొలుసు కింద నుంచి ఒక్కొక్కరే వంగి రావాలి. వెనక నుంచి వందమంది తోస్తున్నారు. మేనేజరుగారితో చెప్పి తుపాకీ ఖాళీ చేసి లోపల తాళం వేయించాను, రిజిస్టరులో రాయించాను, ఉత్త చేతులతో లైను నడిపాను. ఒకాయన కళ్ళు తిరిగి నా మీదే పడ్డాడు. భుజాన తుపాకీ ఉంటే ఆయన్ని పట్టుకునేవాడినా?

నీ కోపం సంగతి కూడా రాయాలి, ఏమనుకోకు. గోలీలాటలో తొండి చేశాడని పక్కింటివాడి నుదురు పగలగొట్టినప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. వాడికి కుట్లు వేయించడానికి తాడేపల్లిగూడెం తీసుకెళ్ళింది నేనే. నువ్వు సైకిల్ వెనక కూర్చుని వాడికన్నా ఎక్కువ ఏడ్చావు. 2021 జూన్‌లో బరేలీలో మాస్కు పెట్టుకోలేదని మొదలైన గొడవలో బ్యాంకు గార్డు ఒక కస్టమరును కాల్చాడు. మర్నెల మన హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో ఇంకో గార్డు, వేళాకోళం ముదిరి, సాటి కాంట్రాక్టు ఉద్యోగిని కాల్చాడు. వాళ్ళేం దొంగలు కాదు, మనలాంటివాళ్ళే. "నువ్వెవడివిరా నన్ను ఆపడానికి" అని రోజుకొకడైనా అంటాడు. అననివ్వు. గొంతు పెరిగితే నువ్వు రెండడుగులు వెనక్కి వెయ్యి, లోపల ఆఫీసరును పిలువు. ఇంట్లో గొడవపడి డ్యూటీకి వచ్చిన రోజు ఆ సంగతి మేనేజరుకు చెప్పి, ఆ పూటకు తుపాకీ తీసుకోకు. సిగ్గేం లేదు.

ఇక దొంగలు. ఇరవై రెండేళ్ళలో నేను దొంగ మీద ఒక్క తూటా పేల్చలేదు. ఇప్పటి దొంగలు వేరు. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో రాత్రిపూట కిటికీలోంచి దూరి, గ్యాస్ కట్టరుతో కోసి, తాకట్టు బంగారం సుమారు 19 కిలోలు పట్టుకుపోయారు. పగలు నువ్వు గుమ్మంలో ఎంత నిటారుగా నిలబడినా అది ఆగదు. అందుకని పొద్దున్నే బ్యాంకు చుట్టూ ఒకసారి తిరుగు. కిటికీ ఊచలు, గోడ వెనక ఖాళీ స్థలం, కెమెరాల ముందు సాలెగూళ్ళు చూడు, సైరన్ మోగుతుందో లేదో చూడు. పని లేకుండా రెండు రోజులు వరసగా వచ్చి పైకప్పు చూసేవాడిని గుర్తుపెట్టుకో. అసలు గార్డు ఉద్యోగమంటే నా లెక్కలో సగం ఇదే.

డబ్బు తీసుకెళ్ళేటప్పుడు మాత్రం ప్రాణాలకే ముప్పు. 2025 జనవరిలో బీదరులో పట్టపగలు ఏటీఎం డబ్బు బండి దగ్గర కారం చల్లి, కాల్చి, ఒక ఉద్యోగి ప్రాణం తీశారు. అక్కణ్ణుంచి హైదరాబాదు వచ్చి అఫ్జల్‌గంజ్‌లోనూ కాల్పులు జరిపారు. అదే ఏడు నవంబరులో బెంగళూరులో రిజర్వు బ్యాంకు అధికారులమని చెప్పి బండిని ఆపి 7.11 కోట్లు ఎత్తుకుపోయారు. గన్‌మెన్ ఉన్న బండే. తరవాత అరెస్టయినవాళ్ళలో ఒక పోలీసు కానిస్టేబులు, డబ్బు రవాణా కంపెనీ మాజీ ఉద్యోగి కూడా ఉన్నారు. దారిలో ఎవడు ఏ కార్డు చూపించినా బండి దిగకు, తలుపు తీయకు. "పోలీస్ స్టేషనుకు పదండి, అక్కడే మాట్లాడదాం" అను, 112కు ఫోన్ చెయ్యి. తెలిసిన మొహం అయితే ఇంకా జాగ్రత్త. ఏ రోజు ఏ దారిలో వెళ్తున్నావో మీ అమ్మకు కూడా చెప్పకు. మీ అమ్మకు చెబితే ఊరంతటికీ చెప్పినట్టే, ఈ ముక్క మాత్రం ఆవిడకు చదివి వినిపించకు.

కాల్చాల్సి వస్తే? పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఒకసారి ఎవరిచేతనైనా చెప్పించుకో. ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడుకునే హక్కు ఉంది, అవసరానికి మించి హాని చేసే హక్కు లేదు. పారిపోతున్నవాడి వెనక బజారులోకి పరిగెత్తి పేల్చకు. బ్యాంకు డబ్బుకు ఇన్సూరెన్సు ఉంది. బండి నంబరు చూడు, ఎటు వెళ్ళారో చూడు, చాలు. దొంగను వదిలేశావని ఎవడైనా పిరికివాడంటే నా దగ్గరికి పంపు.

అసలు సంగతి రాయడం మరిచాను. ఆ తుపాకీ లైసెన్సు బ్యాంకు పేరు మీద ఉంటుంది, దాన్ని మోసేవాడి పేరు అందులో రిటైనరుగా ఎక్కాలి. మీ బ్రాంచి లైసెన్సు పుస్తకంలో ఇప్పుడు పాత గార్డు పేరే ఉండుంటుంది. నీ పేరు ఎక్కేదాకా దాన్ని ముట్టుకోకు. మేనేజరు "నాలుగు రోజులే కదా, పట్టుకోండి" అంటాడు, మంచివాడే అయ్యుంటాడు, అయినా పట్టుకోకు. కలెక్టరేటులో ఫైలు ఎంతవరకు వచ్చిందో సోమవారం వెళ్ళి కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి. పొద్దున చెయ్యి, రాత్రి దాకా నన్ను కూర్చోబెట్టకు.

మీ పిన్ని మాగాయ జాడీ కట్టి పెట్టింది. చేరే ముందు వచ్చి పట్టుకెళ్ళు.

ఇట్లు,
మీ బాబాయి