జార్ ఫైల్ ఎక్కడ పెట్టాలంటే

తమ్ముడూ,

సర్వర్‌కి కొత్త డేటాబేస్ డ్రైవర్ కావాల్సి వచ్చిందనీ, నడుస్తున్న కంటైనర్‌లోకి (డాకర్‌లో ప్రోగ్రామ్ నడిచే విడి గది లాంటిది) డాకర్ సీపీ అనే కాపీ కమాండ్‌తో జార్ ఫైల్ (జావా లైబ్రరీ మూట) వేసి రీస్టార్ట్ చేస్తే పనైపోయిందనీ రాశావు. పనవుతుంది, నిజమే. రీస్టార్ట్ చేసినా ఆ ఫైల్ ఉంటుంది కాబట్టే మనకి ధీమా వచ్చేస్తుంది. కానీ ఆ కంటైనర్‌ని తీసేసి కొత్తది లేపిన రోజున జార్ ఉండదు.

నేనూ ఒకసారి అర్ధరాత్రి టెన్షన్‌లో అచ్చంగా ఇదే చేసి, హమ్మయ్య అనుకుని పడుకున్నాను. కొన్ని వారాల తర్వాత మా టీమ్‌లో ఒకతను మామూలు అప్‌డేట్ కోసం కంటైనర్ మార్చాడు. లాగ్ నిండా కావాల్సిన క్లాస్ దొరకలేదనే క్లాస్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్లే. పాపం, తను మార్చిన రెండు లైన్లలోనే తప్పు వెతుక్కుంటూ తెల్లవార్లూ కూర్చున్నాడు. నేను చేసిన పని ఎక్కడా రాసి లేదు మరి, అతనికి ఎలా తెలుస్తుంది? ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకని లైబ్రరీని, కంటైనర్లకి అచ్చులాంటి ఇమేజ్‌లోనే పెట్టు. ఇమేజ్ ఎలా కట్టాలో రాసే డాకర్‌ఫైల్‌లో, దేని మీద కట్టాలో చెప్పే ఫ్రమ్ లైన్ కింద ఒక్క కాపీ లైన్ చాలు. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ అధికారిక ఇమేజ్‌లో అయితే యూఎస్ఆర్, లోకల్, టామ్‌క్యాట్ దాటాక వచ్చే లిబ్ ఫోల్డర్ దాని చోటు. ఫ్రమ్ లైన్‌లో లేటెస్ట్ అని వదిలేయకు, వెర్షన్ నంబర్ రాయి. టామ్‌క్యాట్ 9 నుంచి 10కి వచ్చేసరికి సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్ట్‌లకి జవాబిచ్చే జావా కోడ్) ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారిపోయాయి. పాత పేర్లతో రాసిన ఫిల్టర్ (రిక్వెస్ట్‌ని మధ్యలో పట్టి చూసే కోడ్) ఏదైనా ఉంటే నువ్వేమీ ముట్టుకోకుండానే ఆగిపోతుంది.

లిబ్ ఫోల్డర్ మీద బయటి ఫోల్డర్‌ని మౌంట్ చేద్దామన్న, అంటే దాని చోట తగిలిద్దామన్న, ఆలోచన కూడా వస్తుంది నీకు. వద్దు. మౌంట్ చేయగానే ఇమేజ్‌లో ఉన్న సర్వర్ సొంత జార్లన్నీ దాని వెనక కనిపించకుండా పోతాయి, సర్వర్ అసలు లేవదు. తప్పనిసరైతే ఆ ఒక్క ఫైల్‌నే మౌంట్ చెయ్యి.

పర్మిషన్లు కూడా చూసుకో. కాపీ అయిన ఫైల్ మామూలుగా రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) పేరు మీద ఉంటుంది. సర్వర్ వేరే యూజర్‌తో నడుస్తూ, ఆ యూజర్‌కి చదివే అనుమతి లేకపోతే జార్ ఉన్నా లేనట్టే. సీ భాషలో రాసిన ముక్కలున్న లైబ్రరీ అయితే ఇమేజ్ ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌దేమో చూడు. అలాంటి ముక్కలకి మామూలుగా కావాల్సిన జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ అందులో ఉండదు.

2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లాగింగ్ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు ఈ పద్ధతి విలువ నాకు బాగా తెలిసింది. డాకర్‌ఫైళ్ళలో రాసి ఉన్నవి వెతగ్గానే దొరికాయి. చేత్తో వేసిన వాటి కోసం ఒక్కో కంటైనర్‌లోకి దిగాల్సి వచ్చింది. అదీ ఒకసారితో పోలేదు. లోపం సరిచేసిన 2.15.0 వెర్షన్ సరిపోక 2.16.0, ఆ తర్వాత 2.17.0 వచ్చాయి. రాసి ఉన్నచోట ప్రతిసారీ ఒక్క అంకె మార్చి ఇమేజ్ మళ్ళీ కట్టుకుంటే సరిపోయింది.

నీ ఇమేజ్ బిల్డ్ అయ్యాక, పాత కంటైనర్‌ని ముందు టెస్ట్ సర్వర్‌లో పూర్తిగా తీసేసి కొత్తది లేపు. డేటాబేస్‌కి కనెక్ట్ అయిందో లేదో చూసి, ఆ లాగ్ నాకు పంపు.

అన్నయ్య