బొమ్మ పడింది, సౌండ్ రాలేదు: ఈ పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా మావయ్య తణుకు దగ్గర ఒక థియేటర్లో ఆపరేటర్. మొన్న శుక్రవారం మార్నింగ్ షోకి బొమ్మ పడింది కానీ సౌండ్ రాలేదు. సర్వీస్ ఇంజనీర్ ఫోన్లోనే చెప్పి పది నిమిషాల్లో సరిచేయించాడు. నేను ఈసీఈ డిప్లొమా చివరి ఏడాది. ఆ పని నేర్చుకుంటానంటే నాన్న వద్దంటున్నారు. థియేటర్లే మూతపడుతున్నాయట.

జవాబు: తమ్ముడూ, నాన్న భయంలో సగం నిజముంది. రీళ్లు అతికించి ప్రొజెక్టర్ పక్కనే నిలబడే ఆపరేటర్ ఉద్యోగం దాదాపు పోయింది. కానీ నిన్ను ఆకట్టుకున్నది ఆ ఉద్యోగం కాదు కదా, తప్పు ఎక్కడుందో ఫోన్లోనే పట్టుకున్న ఆ ఇంజనీర్ పని.

ఆయన మావయ్యని ఏం అడిగి ఉంటాడో ఊహించగలను. సినిమా ఫైలుని ఆడించే కంప్యూటర్, అంటే సర్వర్, దాని మీటర్లలో సౌండ్ లెవెల్ కదులుతోందా? కదిలితే సౌండ్ సర్వర్లో ఉన్నట్టే, ఇక ఆ సౌండ్‌ని అందుకుని ఆంప్లిఫయర్లకి పంపే సినిమా ప్రాసెసర్ చూడాలి: మ్యూట్‌లో ఉందా, ఇంటర్వెల్ పాటల కోసం నాన్‌సింక్‌కి (సినిమాతో సంబంధం లేని పాటల ఇన్‌పుట్‌కి) మార్చి అలాగే వదిలేశారా? అక్కడా బాగుంటే ఆంప్లిఫయర్లు, ఆ తర్వాత స్పీకర్లు. ఇలా ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్లాలి, ఒకసారి ఒక్కటే మార్చాలి, అది కారణం కాకపోతే మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. కంగారులో అన్నీ ఆపి ఆన్ చేసేవాళ్లే ఎక్కువ, దాంతో లోపం ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు కూడా పోతాయి, రేపు సెకండ్ షోకి అదే మళ్లీ వస్తుంది.

కొత్త హాళ్లలో చాలాచోట్ల సౌండ్ డాంటే లాంటి పద్ధతిలో మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీదే వెళ్తుంది. పరికరాలన్నీ ఒకే క్లాక్‌ని, అంటే ఒకే తాళాన్ని, అనుసరించాలి, అది తడబడితే టప్ టప్ శబ్దాలు, మధ్యమధ్యలో నిశ్శబ్దం. శాంపిల్ రేట్, అంటే సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తారన్నది, ఒక పరికరంలో 48 కిలోహెర్ట్జ్, మరొకదానిలో 96 ఉంటే వాటి మధ్య సౌండ్ వెళ్లనే వెళ్లదు. మిగతావన్నీ 192.168తో మొదలయ్యే అడ్రస్‌లో ఉండి ఒక్కటి 169.254 చూపిస్తే, దానికి అడ్రస్ ఇచ్చేవాళ్లు దొరకలేదన్నమాట. స్విచ్‌లో కరెంటు ఆదా చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా ఇబ్బందే. అందుకే నీ ఈసీఈకి నెట్‌వర్కింగ్ కలుపు. డాంటే సర్టిఫికేషన్ మొదటి మెట్లు ఆన్‌లైన్లో ఉచితంగా చేయొచ్చు, ఈ సెమిస్టర్లోనే మొదలుపెట్టు.

బొమ్మ వైపు కూడా తెలియాలి. కేడీఎం అనే తాళంచెవి ఫైలు ఫలానా సర్వర్‌కే, ఫలానా తేదీ, గంటల మధ్యే పనిచేస్తుంది. సర్వర్ మార్చినా, దాని గడియారం తప్పినా సినిమా తెరుచుకోదు. అక్కడ నీ తెలివి చూపించే అవకాశం లేదు, సర్వర్ మారితే కొత్త కీ తెప్పించుకోవడమే, గడియారం తప్పితే దాన్ని సరిచేయించడమే. అందుకే గురువారం రాత్రే ఒకసారి వేసి చూడమంటాను.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ప్రొజెక్టర్లో వెలుగిచ్చే జెనాన్ ల్యాంప్ చల్లగా ఉన్నా లోపల ఒత్తిడి ఎక్కువగానే ఉంటుంది, పగిలితే గాజు ముక్కలు ముఖం మీదికి వస్తాయి. ఫేస్ షీల్డ్, గ్లవ్స్ లేకుండా, నేర్పేవాళ్లు పక్కన లేకుండా దాని జోలికి వెళ్లకు.

సంక్రాంతి రోజు అందరూ సినిమాకి వెళ్తుంటే నువ్వు క్యాబిన్లో ఉంటావు, అది ముందే తెలిసి రా. నాన్నకి మాత్రం ఇలా చెప్పు: ఇదే నెట్‌వర్క్ ఆడియో కన్వెన్షన్ హాళ్లలో, స్టూడియోల్లో, కాలేజీ ఆడిటోరియాల్లో, ఆఫీసు మీటింగ్ రూముల్లో కూడా ఉంది. డిప్లొమా అవగానే థియేటర్లో కాకుండా, ఇవన్నీ బిగించి సర్వీస్ చేసే కంపెనీలో ట్రైనీగా చేరు. ఈలోపు సెలవుల్లో మావయ్య దగ్గర కూర్చుని, ఆ క్యాబిన్లో ఏ కేబుల్ ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద గీసి నాకు పంపు, చూస్తాను.